డీఎన్‌ఏకి తుప్పు - 5వ పాఠం: ప్రోటాన్ పోయింది, మరి ఎలక్ట్రానో?

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది: డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్ ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే (ఇక్కడ తుప్పంటే అదే), దాని ఒకటో నంబరు నైట్రోజన్ (ఎన్1) మీది ప్రోటాన్ కూడా ఊడుతుందా అని కంప్యూటర్లో చూడటం. ఎక్కువమంది పంపిన జవాబు ఒకటే: "గ్వానిన్‌ నుంచి ఎలక్ట్రాన్ పోయాక ఎన్1 మీది ప్రోటాన్ ఊడదండీ, వంద కిలోకేలరీలకు పైగా అడుగుతోంది." ఊడుతుంది. కొలిచి చూసిన సంగతే. గ్వానోసిన్‌లో (చక్కెర తగిలిన గ్వానిన్) ఆ ప్రోటాన్ పీకేఏ (ఇది ఎంత తక్కువైతే ప్రోటాన్ అంత సులువుగా ఊడుతుంది) 9.3 చుట్టూ ఉంటుంది, ఎలక్ట్రాన్ పోయాక 3.9కి దిగుతుంది. లక్ష రెట్లకు పైగా ఆమ్లమైపోయిన మనిషి 7 పీహెచ్ నీళ్లలో ప్రోటాన్ని ఎందుకు పట్టుకుని కూర్చుంటాడు? హైడ్రాక్సిల్ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ఓహెచ్) సంగతి వచ్చేసారి చూద్దాం. ముందు ఇది తేలాలి.

మీ ఇన్‌పుట్ ఫైళ్లు చూశాను. కేటయాన్‌కు (ఎలక్ట్రాన్ పోయిన గ్వానిన్‌కు) చార్జి 1, మల్టిప్లిసిటీ (జత లేని ఎలక్ట్రాన్ల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది) 2 ఇచ్చారు, సరే. తర్వాత ఎన్1 మీది హైడ్రోజన్ వరస చెరిపి, చార్జి 1 అలాగే వదిలేశారు. ఎలక్ట్రాన్ల సంఖ్యకు మల్టిప్లిసిటీ పొసగడం లేదని, లెక్క కట్టే ప్రోగ్రాం ఓర్కా మొరాయించింది. వెంటనే మల్టిప్లిసిటీ 1 చేశారు. నడిచింది! అలా నడవడమే నాకు ఒళ్లు మండించే విషయం. ఆగిపోయి ఉంటే ఆలోచించేవారు.

వేళ్ల మీద లెక్కపెట్టండి. చక్కెర బదులు మిథైల్ తగిలించిన 9-మిథైల్‌గ్వానిన్‌లో (నాకు ఉత్త గ్వానిన్ నచ్చదు) ఆరు కార్బన్లకు 36, ఏడు హైడ్రోజన్లకు 7, అయిదు నైట్రోజన్లకు 35, ఆక్సిజన్‌కు 8, మొత్తం 86 ఎలక్ట్రాన్లు. ఒకటి పోతే 85. ఇప్పుడు ప్రోటాన్ పోయింది. పోతూ పోతూ ఎలక్ట్రాన్ని తీసుకుపోదు. ఇంకా 85 ఉన్నాయి. కేంద్రకాల ఆవేశమూ 85కి దిగింది. అంటే చార్జి 0, మల్టిప్లిసిటీ 2. మీ ఫైల్లో ఉన్నవి 84. రెండో ఎలక్ట్రాన్ని కూడా పీకేసి, ఆ ఖర్చంతా ప్రోటాన్ ఖాతాలో రాశారు.

ఎనిమిదో నంబరు కార్బన్‌కు (సీ8) ఓహెచ్ రాడికల్ అతుక్కుంటే 95 ఎలక్ట్రాన్లు: చార్జి 0, మల్టిప్లిసిటీ 2. ఆ చోట ఆక్సిజన్ చేరిన 8-ఆక్సో రూపమైతే 94: 0, 1. మరో డీఎన్‌ఏ అక్షరం థైమిన్ మిథైల్ నుంచి హైడ్రోజన్ పోవడం వేరే కథ. అక్కడ పోయేది ప్రోటాన్ కాదు, పరమాణువు. తన ఎలక్ట్రాన్ని వెంట తీసుకుపోతుంది. 66 కాస్తా 65 అవుతుంది, అదీ 0, 2.

డబ్లెట్‌కు (మల్టిప్లిసిటీ 2 ఉన్నదానికి) ఎస్ వర్గం, అంటే మొత్తం స్పిన్ కొలత, 0.75 దగ్గర ఉందో లేదో చూడటం మీకు తెలిసిందే.

నా అడ్డదారి ఒకటి. నీటిలో ప్రోటాన్ శక్తి ఎంత అని తల పట్టుకోకండి. ఎలక్ట్రాన్ పోని గ్వానిన్‌ నుంచి కూడా అదే పద్ధతిలో ప్రోటాన్ తీసి, రెండు స్వేచ్ఛా శక్తుల తేడా చూడండి. ప్రోటాన్ కొట్టుకుపోతుంది. ఒక పీకేఏ అంటే 25 డిగ్రీల దగ్గర 1.36 కిలోకేలరీలు, 9.3కీ 3.9కీ తేడా 5.4, కాబట్టి 7 కిలోకేలరీల చుట్టూ రావాలి. కంటిన్యువమ్ నీళ్లు (విడి అణువులు లేకుండా ఒకే ముద్దగా లెక్కించే నీళ్లు) ఆనయాన్ (రుణావేశం ఉన్న అణువు) దగ్గర తడబడతాయి, 10 వచ్చినా కంగారుపడకండి. 100 వస్తే మాత్రం చార్జి చూసుకోండి.

అభ్యాసం: పాత లెక్క మళ్లీ చేయండి. ఓపిక ఉంటే రెండు 9-మిథైల్‌గ్వానిన్లను 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో, 36 డిగ్రీలు తిప్పి పేర్చి, ఒక ఎలక్ట్రాన్ తీసి బీ3ఎల్‌వైపీ, ఒమేగాబీ97ఎక్స్-డీ అనే రెండు లెక్క పద్ధతులతో చెరోసారి నడపండి. మొదటిది ఆ ఎలక్ట్రాన్ లోటును రెండింటి మీదా అతిగా పులుముతుంది, అందుకే పేర్పులకు నేను దాన్ని నమ్మను. ప్రయోగాల్లో జీజీ జంటలో (పోగులో పక్కపక్కనే ఉన్న రెండు గ్వానిన్లలో) ఎక్కువగా దెబ్బతినేది 5' వైపు (పోగు మొదటి కొస వైపు) గ్వానిన్. మీ స్పిన్ (జత లేని ఎలక్ట్రాన్) ఎటు మొగ్గిందో పంపండి. ఫైలు మొదటి వరసలో ఎలక్ట్రాన్ల సంఖ్య రాయకపోతే మాత్రం తెరవను.