టిగ్ వెల్డింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: రాడ్ ముట్టకుండా పడిల్ నడపడం

టిగ్ అంటే టార్చ్‌లోని టంగ్‌స్టన్ పుల్లతో ఆర్క్ పుట్టించి, ఆర్గాన్ గ్యాస్ కాపలాలో చేసే వెల్డింగ్. మెషిన్, సిలిండర్, రెగ్యులేటర్ కనెక్షన్లు పోయిన పాఠంలో అయిపోయాయి. ఈసారి ఆర్క్ వెలిగించి, దాని కింద కరిగే లోహపు మడుగును, అంటే పడిల్‌ను నడుపుదాం. అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్‌ను మాత్రం పక్కన పెట్టేయండి. ముందు టార్చ్ పట్టే చెయ్యి కుదురుకోవాలి, రెండో చేతి పని తర్వాత.

2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీటు ముక్క చాలు. అసిటోన్ గుడ్డతో నూనె తుడిచి ఆరనివ్వండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ జోలికి పోవద్దు. దాని తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మామూలు రాడ్ వెల్డింగ్‌లో కాస్త తుప్పు మీద లాగించేసినా చెల్లుతుంది, రాడ్ మీది ఫ్లక్స్ మురికిని కొంత పట్టుకుంటుంది. టిగ్‌లో ఆ పప్పులు ఉడకవు. ఆర్గాన్ గాలిని ఆపుతుందే తప్ప మురికిని కడగదు.

సెట్టింగ్: డీసీ, టార్చ్ నెగటివ్‌కు, ఎర్త్ పాజిటివ్‌కు. తారుమారైతే టంగ్‌స్టన్ మొన ఉండ కట్టేస్తుంది. మి.మీ.కి 40 ఆంప్స్ అన్నది మోటు లెక్క. దాని ప్రకారం 80 రావాలి గానీ, కొత్త చెయ్యి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 70 పెట్టండి. 6వ నంబర్ కప్పుకు (టార్చ్ చివర గ్యాస్ బయటికొచ్చే మూతి) ఆర్గాన్ నిమిషానికి 7, 8 లీటర్లు సరిపోతుంది. ఎక్కువ వదిలితే ఇంకా మంచిదనుకోకండి, గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఫ్యాన్ ఆపాల్సిందే, మే నెలైనా సరే.

టంగ్‌స్టన్ 1.6 మి.మీ.ది. పెన్సిల్‌లా చెక్కండి, గ్రైండింగ్ గీతలు మాత్రం పొడవునా మొన వైపే సాగాలి. అడ్డంగా పడితే ఆర్క్ నిలకడగా ఉండదు. ఎర్ర రంగు చివర ఉన్నవాటిలో థోరియం ఉంటుంది, దాని పొడి పీల్చడం మంచిది కాదు. కొత్తగా కొనేవాళ్లు బంగారు రంగుదో, నీలం రంగుదో లాంథనం రకం తీసుకోండి.

ఇక అసలు సంగతి, గ్యాప్. మొనకూ షీటుకూ మధ్య దూరం టంగ్‌స్టన్ మందమంత, అంటే ఒకటిన్నర మి.మీ. ఉండాలి. టార్చ్ పైకి లేచిందంటే ఆర్క్ గొడుగులా విచ్చుకుని, వేడి చుట్టూ పరుచుకుపోతుంది. షీటు ఎర్రబడుతుంది గానీ తొందరగా కరగదు. చాలామంది అప్పుడు ఆంప్స్ పెంచుతారు. పెంచాల్సింది ఆంప్స్ కాదు, తగ్గించాల్సింది దూరం. చిటికెన వేలు షీటుకు ఆనించండి, కేబుల్ బరువు మణికట్టు మీద పడకుండా భుజం మీదుగా వేసుకోండి. ఆర్క్ లేకుండా ఒకసారి చివరిదాకా జరిపి చూసుకోండి, చెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుస్తుంది.

హెల్మెట్ అద్దం నలుపును 10వ షేడ్‌కు పెట్టి వెలిగించండి. కదలకుండా చూడండి. ముందు ఒక మెరిసే చుక్క, అది అంచుల్లో వణుకుతూ విస్తరించి అద్దంలా నిగనిగలాడుతుంది. అదే పడిల్. 5 మి.మీ. వెడల్పు రాగానే, టార్చ్‌ను కొంచెం వెనక్కి వాల్చి ముందుకు నెట్టుకుంటూ పోండి. చూపు ఆర్క్ మీద కాదు, పడిల్ ముందు అంచు మీద ఉండాలి. షీటు వేడెక్కే కొద్దీ పడిల్ దానంతటదే వెడల్పవుతుంది, అప్పుడు వేగం పెంచాలి.

టక్కున తగిలి ఆర్క్ రంగు మారి పక్కలకు కొట్టుకుంటే టంగ్‌స్టన్ పడిల్‌లో మునిగినట్టే. ఆపేసి మళ్లీ చెక్కండి. "ఈ ఒక్క గీత అయ్యాక" అంటే ఆ గీత కూడా పాడవుతుంది. అక్కడక్కడా సూది రంధ్రాలు వస్తే బెంబేలు పడకండి. శుభ్రం సరిగ్గా ఉండి కూడా వస్తే అది షీటు గుణం. ఫిల్లర్‌లోని సిలికాన్, మాంగనీస్ వాటిని అదుపు చేస్తాయి.

ఆర్క్ ఆరగానే టార్చ్ ఎత్తేయొద్దు. ఏడెనిమిది సెకన్లు గ్యాస్ పారనివ్వండి. మొన వెండిలా మెరుస్తుంటే సరే, నల్లబడితే గాలి సోకింది.

షీటు తిప్పి వెనక చూడండి. వేడి మచ్చ మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పులో ఉంటే చెయ్యి కుదిరినట్టే, 4వ పాఠానికి 1.6 మి.మీ. ఫిల్లర్ రాడ్ తెచ్చుకోండి. చివర్లో ఉబ్బితే ఇంకో ముక్క తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి.