గోధుమ, బార్లీ ట్రయల్‌లో ర్యాంకులు తారుమారా? ముందు విత్తన పొట్లం చూడండి

లక్షణం: మంచి పేరున్న రకం మీ ట్రయల్‌లో, అంటే రకాలను పక్కపక్కన వేసి దిగుబడి పోల్చే ప్రయోగంలో, అడుక్కి పోయింది. ఏళ్లుగా నిలకడగా దిగుబడి ఇచ్చే, పోలిక కోసం పెట్టే చెక్ రకాన్ని కొత్తవన్నీ దాటేశాయి.

నేలనీ వాతావరణాన్నీ తర్వాత తిట్టుకోవచ్చు. ముందు విత్తిన తేదీ చూడండి. వాయవ్య మైదానాల్లో (పంజాబ్, హర్యానా వైపు) సకాలపు ట్రయల్ అంటే నవంబరు మొదటి పక్షం. నీళ్లు అందక డిసెంబరులోకి జారిందంటే, పుస్తకంలో ఏమని రాసుకున్నా అది ఆలస్యపు ట్రయలే. ఆ తర్వాత తేమ. పొద్దున కోసి నూర్చిన ప్లాటునూ, నాలుగు రోజులు ఎండిన ప్లాటునూ ఒకే లెక్కలో తూచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 16 శాతం తేమతో కిలో తూగిన గింజ 12 శాతానికి తెస్తే 955 గ్రాములే. ఇక కోసిన సాళ్లెన్ని, భాగించిన విస్తీర్ణమెంత? చివరి సాళ్లు వదిలేసి మొత్తం ప్లాటుతో భాగిస్తే దిగుబడి ఎలా నిలుస్తుంది?

ఇవన్నీ సరిగ్గానే ఉండి, సీవీ (ఒకే రకం ప్లాట్ల మధ్య తేడా ఎంతో చెప్పే శాతం) కూడా తక్కువగా వచ్చి, ర్యాంకులు మాత్రం నమ్మబుద్ధి కాకపోతే అసలు దొంగ విత్తనమే.

హెక్టారుకు 100 కిలోలని అన్ని రకాలకూ ఒకే బరువు తూచి పొట్లాలు కడతారు. వెయ్యి గింజల బరువు 38 గ్రాములున్న రకానికి చదరపు మీటరుకు దాదాపు 263 గింజలు పడతాయి. 50 గ్రాముల లావు గింజ రకానికి 200 మాత్రమే. దీనికి మొలక శాతం తేడా తోడవుతుంది. కొత్త రకాల విత్తనం తాజాగా వస్తుంది, చెక్ విత్తనం మాత్రం గోదాములో మిగిలిన పాతది. అప్పుడు ఓడింది చెక్ కాదు, పాత విత్తనం.

ఇది ఎందుకు దొరకదంటే, తప్పు పొట్లంతో పాటే అన్ని రెప్లికేషన్లకూ (అవే రకాలను మళ్లీ వేసిన భాగాలకూ) వెళుతుంది. ప్రతిచోటా ఒకేలా తక్కువ వస్తుంది కాబట్టి సీవీ చక్కగా ఉంటుంది. సీవీ బాగుంది కదా అని ఫైలు మూసేస్తారు. పొట్లాలు ఒకేచోట కడితే అన్ని కేంద్రాల్లోనూ అదే ఫలితం వస్తుంది, దాంతో నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. పొలం చూసినా తెలియదు. పలచగా మొలిచిన రకం పిలకలు పెట్టి 45 రోజులకల్లా సాళ్లు కప్పేస్తుంది. ఆలస్యంగా విత్తితే పిలకలకు టైమ్ ఉండదు, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

పరిష్కారం: పొట్లం కట్టేముందే ప్రతి రకానికీ వెయ్యి గింజల బరువు, మొలక శాతం తీయండి. ధ్రువీకరణ విత్తనానికి గోధుమలో కనీసం 85 శాతం మొలక ఉండాలి. అంతకన్నా తక్కువున్నదాన్ని ట్రయల్‌లోకి రానివ్వొద్దు. కావలసిన మొక్కల సంఖ్యను వెయ్యి గింజల బరువుతో గుణించి, వెయ్యితో, ఆపై మొలక శాతంతో (90 శాతమైతే 0.9తో) భాగించండి. వచ్చినదాన్ని ప్లాటు విస్తీర్ణంతో గుణించండి. చదరపు మీటరుకు 250 మొక్కలు కావాలనుకుంటే, 6 చదరపు మీటర్ల ప్లాటుకు, వెయ్యి గింజల బరువు 40 గ్రాములు, మొలక 90 శాతం ఉన్న రకానికి 67 గ్రాముల విత్తనం పడుతుంది. 50 గ్రాములు, 85 శాతం ఉన్నదానికి 88. ఒకే తూకం న్యాయం కాదని ఇంకా ఎలా చెప్పాలి? విత్తిన 15 రోజులకు మీటరు సాలులో మొక్కలు లెక్కపెట్టి రాసుకోండి. ఆ పని ఎవరూ చేయరు, కోత అయ్యాక మాత్రం అందరూ ఆ అంకె అడుగుతారు.

పంట ఇప్పటికే ఇంటికి వచ్చేసిందా? ప్రతి పొట్లం నుంచి కాస్త విత్తనం దాచి ఉంటే దాన్ని మొలకెత్తించి చూడండి. లేదంటే దిగుబడిని విడదీయండి. గింజ బరువు, కంకికి గింజలు మామూలుగా ఉండి కంకుల సంఖ్యే పడిపోతే విత్తనాన్ని అనుమానించొచ్చు. ఆ రకానికి పిలకలు సహజంగానే తక్కువేమో పాత రికార్డులో చూసుకోండి. దిగుబడిని మాత్రం అంచనాతో సవరించొద్దు. ఆ రకాన్ని వచ్చే ఏడాది మళ్లీ పెట్టడమే దారి.

బార్లీలో ఇంకొకటి: పొట్టులేని రకాన్ని పొట్టున్న రకం పక్కన పెట్టి తూచి, తక్కువ వచ్చిందని కొట్టేయకండి. దాని పొట్టు నూర్పిడిలోనే పోయింది.

పిట్టలు ముందుగా పండిన ప్లాటు మీద పడటం, పక్క పొలం కలుపు మందు గాలికి రావడం, లేబుళ్లు మారిపోవడం కూడా జరుగుతాయి, అరుదుగా. అవి చాలావరకు పొలంలో ఒకసారి తిరిగితే కంటికే కనిపిస్తాయి.