కంపెనీని నిజాయితీగా నడుపుతున్నారా? లెక్కల్లో చూసి తెలుసుకోవడం ఎలా

2008లో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని నడిపే తీరు) బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. బ్యాలెన్స్ షీట్లో (ఆస్తులు, అప్పుల పట్టికలో) చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. ఆ షేర్లు నమ్ముకున్న కుటుంబాలు హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి. అందుకే షేర్లు కొనే ప్రతి ఒక్కరూ ఈ నాలుగు చోట్లయినా చూడాలని నా గట్టి అభిప్రాయం. సీఏ చదవనక్కర్లేదు.

ముందుగా కంపెనీ వెబ్‌సైట్ నుంచో, స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్ల నుంచో కనీసం మూడేళ్ల యాన్యువల్ రిపోర్టులు దించుకోండి. రంగుల ఫొటోలు, చైర్మన్ సందేశం ఉన్న పేజీలు దాటేయండి.

1. ఆడిటర్ రిపోర్టుతో మొదలుపెట్టండి

'క్వాలిఫైడ్ ఒపీనియన్' అని ఉంటే ఆడిటర్‌కు (లెక్కలు తనిఖీ చేసే బయటి వ్యక్తికి) ఎక్కడో అభ్యంతరం ఉందన్నమాట. కింద కారణం రాస్తారు, అది పూర్తిగా చదవండి. గడువు తీరకముందే ఆడిటర్ తప్పుకుంటే రాజీనామా లేఖ ఎక్స్ఛేంజ్ సైట్లో వెతకండి. అయితే క్లీన్ రిపోర్టు ఉంది కదా అని అక్కడితో ఆగొద్దు. సత్యంకు ఏళ్ల తరబడి క్లీన్ రిపోర్టులే వచ్చాయి.

2. లాభాన్ని, చేతికొచ్చిన డబ్బును పక్కపక్కన పెట్టండి

క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో వ్యాపారం నుంచి వచ్చిన నగదు ఎంతో చూసి, నికర లాభంతో పోల్చండి. లాభం ఏటా పెరుగుతూ, నగదు రాకుండా, కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు మాత్రం పేరుకుపోతుంటే అమ్మకాలు నిజమైనవేనా అని అనుమానించాలి.

3. నగదు నిజమేనా?

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి, ఎందుకంటే నగదు అంకెను ఎవరూ అనుమానించరు. ఒక కంపెనీ ఏడాది పొడవునా 1,000 కోట్లు ఎఫ్‌డీల్లో ఉన్నాయని చెబుతోంది అనుకుందాం. 6 శాతం లెక్కన 60 కోట్ల వడ్డీ రావాలి. 'ఇతర ఆదాయం' నోట్‌లో (లెక్కల వెనక ఇచ్చే వివరణలో) 15 కోట్లే కనబడితే మిగతా డబ్బు ఎక్కడుంది? 60 కోట్లూ కనబడితే ఇంకో నోట్ తెరవండి. వచ్చిందని రాసిన వడ్డీలో ఎంత నిజంగా చేతికందింది, ఎంత 'రావాల్సిన వడ్డీ'గా ఆస్తుల్లోనే ఉండిపోయింది? లేని డిపాజిట్ చూపించినవాళ్లు దానికి లేని వడ్డీ కూడా రాయక తప్పదు. రాజు లేఖలో 376 కోట్ల బూటకపు వడ్డీ లెక్క అలా వచ్చిందే. చేతిలో అంత డబ్బుందని చెబుతూ మళ్లీ అప్పులు చేసే కంపెనీనీ ఇలాగే నిలదీయాలి.

4. డబ్బు ఎవరింటికి పోతోంది?

'రిలేటెడ్ పార్టీ' నోట్‌లో ప్రమోటర్ల (కంపెనీని తమ అదుపులో ఉంచుకున్న యజమానుల) బంధువులతో, వాళ్ల ఇతర కంపెనీలతో జరిగిన లావాదేవీలు ఉంటాయి. అప్పులు, అడ్వాన్సులు, అద్దెలు ఒక్కొక్కటీ చూడండి. కంపెనీ చేసే వ్యాపారానికి ఆ ఖర్చుతో ఏం పని? 2008 డిసెంబరు 16న సత్యం సుమారు 160 కోట్ల డాలర్లతో రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములు, కట్టడాల వ్యాపారం దేనికని ఇన్వెస్టర్లు మండిపడ్డారు, దాంతో కంపెనీ గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి అది చివరి ప్రయత్నమని ఆయన తర్వాత లేఖలో రాశారు. ఇన్వెస్టర్లు ఆ రోజు అడ్డుకోకపోతే బూటకపు నగదు లెక్కల్లోనే మాయమైపోయేది.

షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చూపే పట్టికలో) ప్రమోటర్ల షేర్లు ఎంత శాతం తాకట్టులో ఉన్నాయో కూడా చూడండి. తాకట్టు ఎక్కువైతే షేరు ధర పడకుండా చూపించాలన్న టెన్షన్ వాళ్లకు మొదలవుతుంది.

అనుమానం వస్తే ఏం చేయాలి?

పేజీ నంబరు, నోట్ నంబరు రాసి కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టండి. ఏజీఎంలో (వాటాదారుల వార్షిక సమావేశంలో) అదే ప్రశ్న అడగండి. షేర్లను డీమ్యాట్ రూపంలో భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ ద్వారా ఇంట్లో కూర్చునే ఈ-ఓటు వేయొచ్చు. లిస్టెడ్ కంపెనీలో భారీ రిలేటెడ్ పార్టీ లావాదేవీ ఓటింగ్‌కు వచ్చినప్పుడు, దాన్ని ఆమోదించడానికి రిలేటెడ్ పార్టీలు ఓటు వేయకూడదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అక్కడ నిర్ణయం మిగతా వాటాదారులదే కాబట్టి ఆ ఈ-ఓటు లింకు మెయిల్‌ను డిలీట్ చేయకండి.