జాతి పేరుతో వచ్చే వార్తను ముందుకు పంపే ముందు

2024 జూలై 29 రాత్రి మా కుటుంబం గ్రూపులోకి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. పంపింది ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అక్క కొడుకు. ఆ రోజే సౌత్‌పోర్ట్‌లో పిల్లల డాన్స్ క్లాసులోకి ఒకడు కత్తితో చొరబడ్డాడు. ఆ దాడికి ముగ్గురు ఆడపిల్లలు బలయ్యారు. వాళ్లలో పెద్దపిల్లకి తొమ్మిదేళ్లు. స్క్రీన్‌షాట్‌లో ఒక అరబ్బు పేరు ఉంది. కిందటేడు పడవలో వచ్చి శరణు కోరినవాడట, పోలీసులకి ముందే తెలుసట.

“పిన్నీ, పేపర్లో రేపు ఈ పేరు వేస్తారు కదా?” అన్నాడు ఫోన్లో.

“పోలీసులు చెప్పారా?”

“అందరూ అదే అంటున్నారు.”

నేను ఇరవై మూడేళ్లు పత్రిక డెస్క్‌లో విదేశీ వార్తలు చూశాను. ఆ “అందరూ” అన్న మాట దగ్గరే మా ఇద్దరి మధ్య గంటసేపు వాదన నడిచింది. ఆ రాత్రి వాడికి చెప్పినవీ, డెస్క్ మీద నేను నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. అది అబద్ధమని మర్నాడే పోలీసులు ప్రకటించారు. దాడి చేసినవాడు బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో పుట్టిన పదిహేడేళ్ల కుర్రాడు. పద్దెనిమిది నిండని నిందితుడి పేరు బయటపెట్టడానికి అక్కడి చట్టం మామూలుగా ఒప్పుకోదు. న్యాయమూర్తి అనుమతించాక ఆగస్టు 1న గానీ అసలు పేరు బయటికి రాలేదు. ఈలోగా జూలై 30 సాయంత్రమే సౌత్‌పోర్ట్ మసీదు మీద రాళ్లు పడ్డాయి, పోలీసు వ్యాను తగలబడింది. తర్వాత అల్లర్లు ఊరూరా పాకాయి. ఆగస్టు 4న రోథరమ్ దగ్గర, శరణార్థులను ఉంచిన హోటల్‌కి లోపల మనుషులుండగానే నిప్పు పెట్టబోయారు.

మొదట చూడాల్సింది ఈ వ్యవధినే. సంఘటన జరిగిన క్షణానికీ, అధికారికంగా ఏదైనా తెలిసే క్షణానికీ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది. దుఃఖంలో, భయంలో ఉన్న మనిషికి ఆ ఖాళీ భరించరానిది. ఎవరు ముందు ఒక పేరు తెచ్చి అందులో పెడితే దాన్నే పట్టుకుంటాడు. అందుకని జాతి, మతం, వలస అన్న మాటలున్న వార్త సంఘటన జరిగిన కొద్ది గంటల్లోనే మీ చేతికి వస్తే, ఒక్క రోజు ఆగండి. మీరు ఆగితే ఎవరికీ నష్టం లేదు. నిజమైతే రేపు కూడా నిజమే.

ఆ ఒక్క రోజులో చేయాల్సిన పని, మాట ఎన్ని చేతులు మారి వచ్చిందో లెక్కపెట్టడం. “ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు?” అని అడుగుతూ వెనక్కి నడవండి. వాట్సాప్‌లో సందేశం మీద రెండు బాణాల గుర్తుంటే అది మీకు చేరేసరికి కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. 2024లోనే అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే అరవై వేల జనాభా ఊళ్లో, హైతీ నుంచి వచ్చినవాళ్లు పెంపుడు పిల్లుల్ని తింటున్నారని పుకారు లేచింది. దాని మొదలు వెతుక్కుంటూ వెళ్తే దొరికింది ఫేస్‌బుక్‌లో ఒక స్థానికురాలు పెట్టిన పోస్టు. ఆమె చూసింది కాదు. పొరుగింటావిడ చెప్పింది. పొరుగింటావిడా చూడలేదు, ఆమెకి ఇంకొకరు చెప్పారు. పోస్టులో చెప్పిన పిల్లి ఎవరిదో చివరిదాకా తేలలేదు. నమ్మదగ్గ ఫిర్యాదు ఒక్కటీ లేదని నగర అధికారులు చెబుతూనే ఉన్నారు. అయినా ఆ మాట సెప్టెంబర్ 10న అధ్యక్ష అభ్యర్థుల చర్చలో డొనాల్డ్ ట్రంప్ నోట కోట్లాది మంది విన్నారు. తర్వాతి రోజుల్లో ఆ ఊళ్లో బడులకీ ఆఫీసులకీ ముప్పైకి పైగా ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వచ్చాయి. పిల్లల్ని బడి నుంచి ఇళ్లకి పంపేశారు.

చేతులు లెక్కపెట్టినప్పుడు చూసినవాడు ఎవరూ లేకపోతే, అది వార్త కాదు. అక్కడితో ఆపేయండి.

రెండో పద్ధతి నాకు ఒక పాఠకుడు నేర్పాడు. డెస్క్‌లో చేరి నాలుగేళ్లయిందేమో. ఒక రాత్రి వార్తా ఏజెన్సీ పంపిన కాపీలో ఎక్కడో పదో పేరాలో, దోపిడీ చేసి దొరికినవాడు నల్లజాతివాడని ఉంది. సింగిల్ కాలమ్ శీర్షికలో రెండో లైను నిండడం లేదు. ఆ మాట తెచ్చి పైన పెట్టాను. వారం తర్వాత ఒక పోస్టు కార్డు వచ్చింది. అదే రోజు అదే పేజీలో ఇంకో వార్త ఉందనీ, అందులో కాల్పులు జరిపిన తెల్లవాడిని “దుండగుడు” అని మాత్రమే రాశారనీ, రెండు శీర్షికలూ పక్కపక్కన ఎత్తి రాశాడు ఆయన. కింద ఒక్కటే ప్రశ్న: ఒకడికి జాతి ఎందుకుంది, ఇంకొకడికి ఎందుకు లేదు? నా దగ్గర జవాబు లేదు. సవరణ వేయమని అడిగితే పైవాళ్లు ఇంత చిన్నదానికా అన్నారు. ఆ రోజు ఇంకా గట్టిగా అడగాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి ప్రతి శీర్షికనీ జాతి మాట కొట్టేసి ఒకసారి చదివేదాన్ని. మీరూ అలా చేయండి. మాట తీసేశాక కూడా ఏం జరిగిందో పూర్తిగా అర్థమైతే ఆ మాట అక్కడ ఉన్నది సమాచారం కోసం కాదు. తర్వాత దాని బదులు మీ సొంత జాతి పేరు పెట్టి చదవండి. మనసు ఎక్కడ చివుక్కుమంటుందో అక్కడే అవతలివాళ్లకీ తగులుతుంది. బ్రిటన్‌లో పత్రికలు పాటించే నియమావళిలో 12వ నిబంధన ఉంది: వార్తకి నిజంగా అవసరమైతే తప్ప మనిషి జాతి, రంగు, మతం వివరాలు రాయకూడదు. అవసరమయ్యే సందర్భాలు ఉంటాయి. పారిపోయినవాడి ఆనవాళ్లు చెప్పాలన్నా, దాడి జాతి ద్వేషంతోనే జరిగిందన్నా రాయాలి. దాచడం కూడా తప్పే. దాచారని తెలిస్తే జనం పుకారునే ఎక్కువ నమ్ముతారు.

శీర్షిక ఒక్కటే అంత పని చేస్తుందా అని అడిగేవాళ్లకి నేను అమెరికాలోని టల్సా అనే ఊరి గురించి చెబుతాను. 1921 మే 31 మధ్యాహ్నం ఆ ఊరి సాయంకాల పత్రిక, లిఫ్ట్‌లో ఒక ఆడపిల్ల మీద దాడి చేసినందుకు నీగ్రోని పట్టుకున్నారని వేసింది. ఆ కుర్రాడి పేరు డిక్ రోలాండ్. సాయంత్రానికి కోర్టు ముందు తెల్లవాళ్ల గుంపు చేరింది. రాత్రికి కాల్పులు మొదలయ్యాయి. మర్నాటికి గ్రీన్‌వుడ్ అనే నల్లజాతి పేట ముప్పై అయిదు వీధి బ్లాకుల మేర బూడిదైంది. చనిపోయినవాళ్లు మూడు వందల దాకా ఉండొచ్చని చరిత్రకారుల అంచనా. రోలాండ్ మీద కేసు తర్వాత కొట్టేశారు. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, ఫోన్లో కెమెరా లేదు.

వీడియోల దగ్గర మనం ఇంకా త్వరగా మోసపోతాం. కళ్లతో చూశామనుకుంటాం కాబట్టి. వీడియో వచ్చినప్పుడు మూడు అడగండి: ఇది ఎక్కడిది, ఎప్పటిది, దీనికి ముందేం జరిగింది? స్ప్రింగ్‌ఫీల్డ్ పుకారుకి రుజువుగా తిరిగిన పోలీసు వీడియో అసలు కాంటన్ అనే వేరే ఊరిది. అందులో అరెస్టయినామె అమెరికాలోనే పుట్టింది, హైతీకీ ఆమెకీ సంబంధమే లేదు. పెద్ద బాతును మోసుకెళ్తున్న మనిషి ఫొటో ఇంకో ఊరు కొలంబస్‌ది. బోర్డుల మీద భాష, వాహనాలు ఏ పక్కన నడుస్తున్నాయి, పోలీసుల యూనిఫాం ఏ రంగు, ఎండా చలా చూడండి. ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే పాతదైతే తరచూ బయటపడుతుంది. “ముందేం జరిగింది” అన్నది తేల్చడం కష్టం. 2019 జనవరిలో వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర బడి పిల్లలు ఒక ఆదివాసీ పెద్దాయన్ని చుట్టుముట్టి అవమానించారని చిన్న క్లిప్పు దేశమంతా తిరిగింది. పెద్ద పత్రికలు కూడా అలాగే రాశాయి. గంటన్నరకి పైగా ఉన్న పూర్తి వీడియో వచ్చాక గొడవకి మొదలు మూడో గుంపు తిట్లని తెలిసింది. అప్పటికే ఆ పిల్లల ఇళ్లకి బెదిరింపులు వెళ్లాయి.

అంకెల్నీ తొందరపడి నమ్మకండి. అమెరికాలో 1967 డెట్రాయిట్ అల్లర్ల నష్టం 20 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్లని పత్రికలు మొదట రాశాయి. మరుసటి ఏడు, ఆ అల్లర్ల మీద విచారణకి ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ నివేదిక వచ్చేసరికి అందులో అత్యధిక అంచనా నాలుగున్నర కోట్లు.

ఇక ఖండించడం. నేను ఎక్కువ తప్పులు చూసేది ఇక్కడే, మంచి మనసున్నవాళ్లే చేసేవి. ద్వేషపు పోస్టు కింద కోపంతో నాలుగు మాటలు రాస్తాం. ఆ కోపం కూడా పోస్టుకి మేతే. 2017లో ఫేస్‌బుక్ లెక్కలో కోపం బొమ్మకి మామూలు లైకు కన్నా ఐదు రెట్లు విలువ ఉండేదని 2021లో బయటపడ్డ ఆ సంస్థ సొంత పత్రాలే చెప్పాయి. తిట్టినా మెచ్చినా ఎక్కువ మందికి చూపిస్తుంది. అందుకని అసలు పోస్టును షేర్ చేసి “ఇది అబద్ధం” అనకండి. కొత్త సందేశం రాయండి. మొదటి వాక్యంలో నిజం ఉండాలి, ఆ నిజం ఎవరు చెప్పారో ఉండాలి. పుకారు ప్రస్తావన ఒక్క వాక్యం, నిందలోని ఘాటు మాటలు లేకుండా. స్క్రీన్‌షాట్ తప్పదంటే దాని మీద పెద్దగా అడ్డగీత కొట్టి పెట్టండి.

పంపిన మనిషితో అందరి ముందు మాట్లాడకండి. గ్రూపులో నిలదీస్తే తన మాట నిలబెట్టుకోవడానికి ఇంకో రెండు అబద్ధాలు తెస్తాడు. ఫోన్ చేయండి. ముందు అతని భయం వినండి. మా అక్క కొడుక్కి ఐదేళ్ల కూతురుంది, అది కూడా డాన్స్ క్లాసుకి వెళ్తుంది. ఆ రాత్రి వాడు మాట్లాడుతున్నది ఆ భయంతో. అది విన్నాకే నేను పేరు సంగతి ఎత్తాను.

వాడు సందేశం తీసేశానన్నాడు. తీసేస్తే చాలదని చెప్పాను. చూసినవాళ్ల బుర్రలో అది అలాగే ఉంటుంది. పంపిన చోటల్లా సవరణ పంపాలి. మర్నాడు పోలీసుల ప్రకటన వచ్చాక వాడే రాశాడు: “నిన్న నేను పంపిన పేరు తప్పు. నిందితుడు ఈ దేశంలోనే పుట్టినవాడని పోలీసులు చెప్పారు. నేను తెలుసుకోకుండా పంపాను. మీరు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి వాళ్లకి ఇది కూడా పంపండి.” ఇంతే. సాకులు లేవు, పత్రికల మీద నింద లేదు. నాలుగు గ్రూపులకి పంపాడు. ఆ పోస్టును వాడికి మొదట పంపిన ఆఫీసు స్నేహితుడికి మాత్రం విడిగా ఫోన్ చేశాడు.

మసీదు గోడ కూలిన మర్నాడు సౌత్‌పోర్ట్ జనం చీపుర్లు పట్టుకుని వచ్చారు, తాపీ మేస్త్రీలు ఇటుకలు తెచ్చి గోడ మళ్లీ కట్టారు. ఆ ఫొటో కూడా వాడే పంపాడు. పంపే ముందు అది ఎక్కడిదో, ఎప్పటిదో చూశానని కింద రాశాడు.