బొడోనీ సన్నగీతలు అచ్చులో మాయమయ్యాయా? నా అనుభవం

పెళ్లికార్డు ఇంగ్లీషు వైపుకు బొడోనీ మోడా ఫాంటు వాడాను. తెరమీద రాజసంగా ఉంది. మెరూన్ రంగు మీద తెల్లగా అచ్చయ్యేసరికి చిరునామాలోని పెద్ద 'ఎన్'కు నిలువు గీతలు రెండూ మాయమై వాలుగీత ఒక్కటే మిగిలింది. కాగితం మార్చాను, బోల్డ్ చేశాను (లావు గీతలే ఇంకా లావెక్కాయి), ఫలితం లేదు.

చివరికి పనిచేసింది ఇది: ఈ ఫాంటులో 6 నుంచి 96 వరకు ఆప్టికల్ సైజు అమరిక (అచ్చయ్యే పరిమాణానికి తగ్గట్టు అక్షరాల రూపాన్ని మార్చేది; చిన్న అంకె చిన్న అక్షరాలకు) ఉంది. మొదట దాని ఆటోమేటిక్ ఎంపిక తీసేశాను. వధూవరుల పేర్లకు 96 ఉంచి, 8 పాయింట్ల చిరునామాకు మాత్రం 6కు దించాను. సన్నగీతలకు కండ పట్టింది, అక్షరాల మధ్య ఎడమూ పెరిగింది. తర్వాత అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ ఇచ్చి, ఒక్క నమూనా తీయించాకే మిగతావి వేయించాను.

నాది నునుపు కాగితం, ఆఫ్‌సెట్ ముద్రణ. స్క్రీన్ ప్రింటింగులో ఇదే నిలుస్తుందని చెప్పలేను.