సంగీతం వినడం ఎలా? మూడో పాఠం: సన్నాయి వింటే కనిపించేవి

పోయిన పాఠంలో శ్రుతి పట్టుకోవడం దగ్గర ఆగాం. తంబూరా మోగుతుంటే షడ్జమం (స) మీద గొంతు నిలబెట్టగలిగితే ఈ పాఠంలోకి రావచ్చు. నిలబడకపోతే ఇంకో వారం అక్కడే ఉండండి, కొంపలేం మునగవు.

ఈసారి సాధనకు షేక్ చిన మౌలానా నాదస్వరం, అంటే మనం సన్నాయి అనేదే. ఆయన 1924లో మన ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు, తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది. కరవది స్టేషన్ మీదుగా రోజూ రైల్లో తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో ఈ సంగతి!

ఆయన రాగాలాపన ఒకటి, అంటే తాళం లేకుండా రాగాన్ని మెల్లగా విప్పే భాగం, తీసుకోండి. మోహనం దొరికితే మేలు. అందులో మ, ని ఉండవు కాబట్టి గ నుంచి ప మీదికి, ద నుంచి పై స మీదికి వెళ్లడం కొత్తవాళ్లకీ తెలుస్తుంది. డోలు మొదలవకముందు ఐదు నిమిషాలు చాలు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో శ్రుతి సరిగ్గా వినపడదు.

మొదటిసారి ఊరికే వినండి. ఏం కనిపించింది? మన వైపు చాలామంది పెళ్లిపందిరి, తలంబ్రాలు అంటారు, లేదా గుడి ఉత్సవం అంటారు. అవి సన్నాయి మోగగానే జ్ఞాపకం తెచ్చిపెట్టినవి. తోడి లాంటి వేరే రాగం వాయించినా అదే పందిరి కనిపిస్తుంది. తప్పేం లేదు గానీ, అక్కడే ఆగితే రాగం ఇంకా చెవిన పడనట్టే.

రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకుని వినండి. ఏ దృశ్యం తోచినా, అది ఏ స్వరం దగ్గర తోచిందో పక్కనే రాయాలి. "కొత్తపట్నం సముద్రం" అని రాసి వదిలేస్తే మార్కులు లేవు. "పై షడ్జమం మీద చాలాసేపు నిలిచి, చటుక్కున జారారు, అల విరిగినట్టనిపించింది" అని రాస్తే సరి. వేలితో రంధ్రాన్ని సగం మూసి, ఊపిరి బిగువు మార్చి, సన్నాయిలో స్వరాన్ని ఊపుతారు. మీకు అలలా తోచింది ఆ ఊపే కావచ్చు.

మూడోసారి అదే రాగం వయొలిన్ మీద వినండి. పందిరి మాయమవుతుంది. అల మిగిలిందా? మిగిలితే అది వాయిద్యంది కాదు, రాగంది, దాని పక్కన టిక్కు పెట్టండి.

ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. మీకు సముద్రం కనిపించిన చోట మీ ఆవిడకు కొండ కనిపించిందంటే వాదన పెట్టుకోకండి. ఇద్దరూ ఒకే స్వరం దగ్గర కదిలారు, అది చాలు.

వచ్చే పాఠంలో డోలు చేరుతుంది. ఈలోపు ఒక్క రాగానికైనా కాగితం నింపి ఉంచండి, దాంతో పని పడుతుంది.