నీలం తిరిగిన ఉలికి పదును నిలిచేలా చేశాను

బయట సాన పట్టించి తెచ్చిన ఉలి గట్టి చెక్క మీద నాలుగు దెబ్బలకే మొండిబారింది. మళ్లీ నూరితే మళ్లీ అదే కథ. వెలుతురులో తిప్పి చూస్తే కారణం కనబడింది: అంచు పొడవునా సన్నటి నీలం చార. నీళ్లు వాడని గ్రైండర్ మీద ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే ఆ రంగు వస్తుంది. మామూలు కార్బన్ ఉక్కు ఆ వేడికి మెత్తబడిపోతుంది, ఇక అక్కడ ఎంత పదును పెట్టినా నిలవదు.

నీలం ఉన్నంత మేరా తీసేయడమే దారి. గ్రైండర్‌కి ఒక్క క్షణం ఆనించడం, నీళ్లలో ముంచడం. అంచు మీది తడి ఆరకముందే మళ్లీ ముంచాలి. మహా విసుగు పని, కళ్లద్దాలు తప్పనిసరి.

తర్వాత అంచుకి 25 డిగ్రీల వాలు, 1000 గ్రిట్ రాయి (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది). వాలు మీద మార్కర్ పూసి రెండుసార్లు రుద్దితే సిరా చెరిగిన చోటే రాయి తగులుతోందని తెలుస్తుంది. నాది అంచుకి దూరంగా చెరిగింది, పిడి కాస్త పైకెత్తాను. వెనక వైపు వేలిని అంచు నుంచి బయటికి నిమిరితే ఈ మూల నుంచి ఆ మూల దాకా సన్నటి గరుకు, అంటే అవతలికి మడిచిన ఉక్కు పొర, తగలాలి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ గరుకు చెక్కలో విరిగి, పదునునీ వెంట తీసుకుపోతుంది. 6000 గ్రిట్ మీద వెనక వైపు పూర్తిగా ఆనించి, వాలు వైపు తేలిగ్గా, మార్చి మార్చి రుద్దాను. ఆఖర్న తోలు మీద వెనక్కి లాగాను.

చేతి వెంట్రుకలు గీసి చూసే పరీక్ష నాకు నచ్చదు. మెత్తటి చెక్క చివర అడ్డంగా కోశాను. చితకలేదు, నున్నగా తెగింది.